డిస్కులు ఖాళీవి కాకపోవచ్చు, ముందు దేనికీ ఓకే నొక్కకండి

హనుమకొండ నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వాళ్ల బాపు పోయి ఏడాది దాటింది. ఆయన నవ్వుతూ మాట్లాడుతూ తిరుగుతున్న వీడియోలన్నీ పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లలోనే ఉండేవి. అక్క పెళ్లి, ఈమె పెళ్లి, తమ్ముడి ధోతుల ఫంక్షన్, ఇంకా మేడారం పోయినప్పుడు తమ్ముణ్ణి తూకంలో కూర్చోబెట్టి బాపు తన చేత్తో అవతలి తట్టలో బెల్లం పెడుతున్న వీడియో. 2008లో దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన బావ, అంటే అక్క భర్త, వస్తూ వస్తూ ఒక డీవీడీ రికార్డర్ తెచ్చి, జగిత్యాల దగ్గర తమ ఊళ్లో కూర్చుని ఆ క్యాసెట్లన్నీ పదకొండు డిస్కుల్లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంకా క్యాసెట్లు ఎందుకని చాలావరకు పారేశారు. మూడే మిగిలాయి, వాటి మీద తెల్లగా బూజు ఉందట.

బాపు సంవత్సరీకం నాడు చుట్టాలంతా కూర్చున్నప్పుడు తమ్ముడు ఆ డిస్కులు ప్లేయర్‌లో పెట్టాడు. నో డిస్క్ అని వచ్చింది. ఒకటి కాదు, అన్నీ అంతే. లాప్‌టాప్‌లో పెడితే ఖాళీ డిస్కు అని చూపించింది. తమ్ముడికి కోపం ఆగక అందరి ముందే ‘బావ ఖాళీ డిస్కులు అంటగట్టి, ఉన్న క్యాసెట్లు పారేయించిండు’ అన్నాడు. బావ ఒక్క మాట మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఊళ్లో ఒక షాపులో చూపిస్తే అతను కూడా ఇందులో ఏం లేదన్నాడు. ఈ డిస్కుల్లో నిజంగా ఏమీ లేదా, అక్కాబావలతో ఎలా మాట్లాడాలి, రోజూ అడుగుతున్న అమ్మకు ఏం చెప్పాలి అని చెల్లెమ్మ అడుగుతున్నారు.

చెల్లెమ్మా, మీరు ఉత్తరం చివర్లో పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది. ‘అప్పట్లో బావ వాళ్ల ఇంట్లో టీవీలో ఒకసారి చూశాం కూడా’ అన్నారు. నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైన మాట అదే. ఆ రోజు టీవీలో ఆడిందంటే డిస్కు మీద రాత పడినట్టే. రాత పడిన డిస్కు మళ్లీ దానంతట అది ఖాళీ అయిపోదు. పాడవ్వొచ్చు, చదవడానికి మొరాయించొచ్చు, కానీ కొత్త డిస్కులా మారిపోదు. మీ బావ ఖాళీ డిస్కులు ఇవ్వలేదనే నేను అనుకుంటున్నాను. ఫైనలైజ్ చేయకుండా, అంటే రికార్డింగ్ ముగించే చివరి పని చేయకుండా ఇచ్చి ఉంటాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, మీ ఇంట్లో గొడవంతా ఆ తేడా ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చిందే.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీరే చూడొచ్చు, దానికి ఏ మిషనూ అక్కర్లేదు. పగటి వెలుతురులో, ఎండ సూటిగా పడని చోట నిలబడి, ఒక డిస్కుని అంచులతో పట్టుకుని, మెరిసే వైపు మీకు కనబడేలా కొంచెం ఏటవాలుగా వంచి చూడండి. ఊదా రంగు మీద మధ్య బొక్క దగ్గర నుంచి కొంత దూరం వరకు ఒక ఛాయ, అక్కడి నుంచి అంచు దాకా ఇంకో ఛాయ ఉండి, రెండూ కలిసే చోట గుండ్రంగా సన్నటి గీతలాగా కనిపిస్తే, ఆ లోపలి భాగమంతా లేజర్ రాసిందే. రికార్డింగ్ ఎప్పుడూ మధ్య నుంచి మొదలై బయటికి పోతుంది. గీత ఎక్కడా కనిపించకపోతే కంగారు పడకండి, డిస్కు అంచు దాకా నిండిపోయినా గీత కనిపించదు. అప్పుడు ఒక కొత్త ఖాళీ డిస్కు కొని పక్కన పెట్టి రంగు పోల్చి చూడండి. మీ దగ్గర ఏడింటి మీద డీవీడీ మైనస్ ఆర్ అని, నాలుగింటి మీద ఆర్‌డబ్ల్యూ అని ఉందన్నారు కదా, ఈ పరీక్ష ఆ ఏడింటికి బాగా పనికొస్తుంది. ఆర్‌డబ్ల్యూ వాటి మీద తేడా అంత తేలిగ్గా తెలియదు.

ఇక ఈ ఫైనలైజ్ అంటే ఏంటో చెబుతాను. డీవీడీ రికార్డర్ కూడా వీసీఆర్ లాగా టీవీ కింద పెట్టుకునే పెట్టే, కాకపోతే టేపు మీద కాకుండా డిస్కు మీద రాస్తుంది. రాస్తున్నంత సేపూ ఎక్కడ ఏది మొదలైంది, ఎక్కడ ఆగింది అన్న లెక్కను తనకు అర్థమయ్యే పద్ధతిలో తాత్కాలికంగా గుర్తు పెట్టుకుంటుంది. మీరు ఇంకా ఏమైనా రికార్డ్ చేస్తారేమోనని అది లెక్క మూయదు. అన్నీ అయ్యాక రిమోట్‌తో మెనూలోకి వెళ్లి ఫైనలైజ్ నొక్కితేనే, అన్ని ప్లేయర్లూ చదవగలిగే పట్టిక, ముగింపు గుర్తు డిస్కు మీద పడతాయి. పొలం కొని దున్నుకుంటున్నా పాస్‌బుక్కులో పేరెక్కకపోతే బ్యాంకోళ్లు ఆ పొలం మీది కాదన్నట్టే మాట్లాడతారు కదా, ఫైనలైజ్ చేయని డిస్కుతో వేరే ప్లేయర్ వ్యవహారం కూడా అంతే. పంట మాత్రం పొలంలోనే ఉంది.

మీ బావ సంగతి దీంతోనే అర్థమవుతుంది. ఫైనలైజ్ చేయని డిస్కు రాసిన రికార్డర్‌లో మాత్రం శుభ్రంగా ఆడుతుంది. ఆయన ఎక్కించాడు, తన పెట్టెలోనే పెట్టి చూశాడు, మీకూ చూపించాడు, బాగా వచ్చిందని ఇచ్చేశాడు. వేరే ప్లేయర్‌లో పెట్టి చూసే అవసరం ఆయనకు రాలేదు. ఇన్నేళ్లలో మీ ఇంట్లో కూడా ఎవరూ పెట్టి చూడలేదని మీరే రాశారు. షాపతనూ అబద్ధం ఆడలేదు, కంప్యూటర్ ఖాళీ అన్నది, అతను అదే చెప్పాడు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు ఈ డిస్కుని ఎలా వాడుకుంటారు, ఫార్మాట్ చేయాలా అన్నట్టు ఏదైనా అడిగితే దేనికీ ఓకే అనకండి, రద్దు చేసి డిస్కు బయటికి తీసేయండి. మీ తమ్ముడు అప్పుడు ఏమైనా నొక్కాడేమో నిదానంగా కనుక్కోండి, తప్పు పట్టినట్టు అడిగితే గుర్తున్నది కూడా చెప్పడు.

డిస్కు రకాల గురించి ఎక్కువ చెప్పి విసిగించను కానీ కొంత తెలిసుంటే షాపులో మీరే అడగగలుగుతారు. మైనస్ ఆర్ 1997లో పయనీర్ కంపెనీ నుంచి వచ్చింది. ఫిలిప్స్, సోనీ లాంటి కంపెనీల జట్టు తెచ్చిన ప్లస్ ఆర్ 2002లో వచ్చింది. రెండూ చూడ్డానికి ఒకటే, రెండింట్లో పట్టేదీ 4.7 జీబీనే, లోపల రాసే పద్ధతి వేరు. ఆర్ అంటే ఒక్కసారే రాయగలిగేది. ఆర్‌డబ్ల్యూ చెరిపి మళ్లీ మళ్లీ, దాదాపు వెయ్యి సార్ల వరకు రాసుకోవచ్చు. అందుకే మీ నాలుగు ఆర్‌డబ్ల్యూ డిస్కుల గురించే నాకు ఎక్కువ భయం. వాటి మీద తర్వాత ఎవరైనా పాతది చెరిపి ఇంకేదైనా రికార్డ్ చేసి ఉంటే అది పోయినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది, మైనస్ ఆర్‌డబ్ల్యూ మీద వీడియో మోడ్, వీఆర్ మోడ్ అని రెండు రకాలుగా రాయొచ్చు, వీఆర్ మోడ్‌లో రాసింది ఫైనలైజ్ చేసినా చాలా మామూలు ప్లేయర్లలో ఆడదు. అది పాడైనట్టు కాదు, ఆ పద్ధతి తెలిసిన మిషన్ కావాలంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అన్నిటికంటే మంచిది మీ బావ రికార్డర్. అది ఇంకా వాళ్లింట్లో ఉంటే, పని చేస్తుంటే, సగం పైన పని అయిపోయినట్టే. కానీ దొరికింది కదా అని వెంటనే ఫైనలైజ్ నొక్కేయకండి. ఫైనలైజ్ అంటే డిస్కు మీద మళ్లీ రాయడం, ఇన్నేళ్లు సజ్జ మీద ఓరుగల్లు ఎండలకు ఉడికిన డిస్కు మీద ఆ రాత మధ్యలో ఆగిపోతే ఇప్పుడు ఆడేది కూడా ఆడకుండా పోవచ్చు. ముందు డిస్కుని అందులో పెట్టి ఊరికే ప్లే చేయండి. బొమ్మ వస్తే, టీవీకి వెళ్లే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లను టీవీకి బదులు యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ అనే చిన్న పరికరానికి పెట్టి, ఆడుతున్నదాన్ని ఆడుతున్నట్టే కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసుకోండి. ఆ పరికరం వందల్లోనే దొరుకుతుంది. రెండు గంటల వీడియోకి రెండు గంటలూ కూర్చోవాలి, బొమ్మ ఒక పిసరు తగ్గుతుంది, కానీ డిస్కు మీద చెయ్యి పడదు. అది భద్రంగా దాచుకున్నాక అప్పుడు ఫైనలైజ్ చేయండి. అది అయిపోతే కంప్యూటర్ నేరుగా చదువుతుంది, అసలు రికార్డింగ్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవచ్చు. చేసేటప్పుడు కరెంటు పోకూడదు, ఇన్వర్టర్ మీద పెట్టుకోండి. మైనస్ ఆర్ ఒకసారి ఫైనలైజ్ చేస్తే ఇంక దాని మీద ఏమీ ఎక్కించలేరు, మీకు ఆ అవసరమూ లేదు.

రికార్డర్ ఎన్నో ఏళ్లుగా మూలకు పడి ఉంటే ట్రే తెరుచుకోకపోవచ్చు. లోపల చిన్న రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే మెకానిక్ ఎవరైనా మార్చగలరు. దుబాయ్ నుంచి తెచ్చింది కాబట్టి ప్లగ్గుకి మూడు చదరపు పిన్నులు ఉంటాయి, దానికి అడాప్టర్ కావాలి, వోల్టేజీతో ఇబ్బంది లేదు, అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. ఫైనలైజ్ చేయడానికి దాని సొంత రిమోటే కావాల్సి రావచ్చు, అదెక్కడుందో కూడా అడగండి. ఇంకోటి, కొన్ని రికార్డర్ల లోపల హార్డ్ డిస్కు కూడా ఉండేది. ముందు దాంట్లోకి రికార్డ్ చేసుకుని తర్వాత డిస్కుకి ఎక్కించేవాళ్లు. మీ బావది అలాంటిదైతే అసలు రికార్డింగులు ఆ పెట్టెలోనే ఉండే అవకాశం ఉంది. అందుకే దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయకుండా ముందు ఆపండి, మెనూలో ఏది అడిగినా చెరపకండి.

రికార్డర్ లేదు, ఎప్పుడో పోయిందంటే రెండో దారి కంప్యూటర్. ఐసోబస్టర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఫైనలైజ్ చేయని డిస్కుల్ని కూడా మామూలు పట్టిక కోసం చూడకుండా నేరుగా రాత చదివి లోపల ఏముందో చూపించగలదు. ఏముందో చూడ్డం వరకు డబ్బులు కట్టకుండానే కావచ్చు, బయటికి తీయడానికి లైసెన్స్ కొనాల్సి రావచ్చు. ఒక డీవీడీ డ్రైవ్‌లో చదవనిది ఇంకో డ్రైవ్‌లో చదవొచ్చు, కాబట్టి ఒక్క లాప్‌టాప్‌లో పెట్టి రాలేదని వదిలేయకండి, బయటి నుంచి యూఎస్‌బీతో పెట్టే డ్రైవ్ కొనుక్కుని గానీ, పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్ల దగ్గర గానీ చూడండి. ఇలా బయటికి వచ్చిన వీడియో ఒక్కోసారి ముక్కలుగా వస్తుంది, అక్కడక్కడ గళ్లు గళ్లుగా అవుతుంది. అయినా డిస్కు మీద ఏమీ రాయదు కాబట్టి ఇందులో నష్టం లేదు.

మూడోది ఫొటో స్టూడియోకి గానీ, డేటా రికవరీ చేసేవాళ్లకు గానీ ఇవ్వడం. మీకు తీరిక లేకపోతే ఇది తేలిక, కానీ పదకొండూ ఒకేసారి ఇవ్వకండి. ఏ వీడియో పోయినా మీకు ఎక్కువ బాధ కలగదో ఆ ఒక్క డిస్కు ముందు ఇచ్చి చూడండి. ‘ఇవి ఫైనలైజ్ చేయని డిస్కులు, డిస్కు మీద ఏమీ రాయొద్దు, చదివి తీయగలరా’ అని సూటిగా అడగండి. ఆ మాట విని మొహం ఖాళీగా పెట్టినవాళ్ల దగ్గర నుంచి డిస్కు తీసుకుని వచ్చేయండి.

ఏ దారిలో పోయినా అన్నీ వస్తాయని మాటివ్వలేను. మైనస్ ఆర్ డిస్కుల్లో రాత పడేది ఒక రంగు పొర మీద, వేడికీ వెలుతురుకీ అది మెల్లగా చెడిపోతుంది. సజ్జ మీద నుంచి ఈ రోజే దింపి బీరువాలోకి మార్చండి. ఒకదాని మీద ఒకటి కాకుండా దేని డబ్బాలో అది నిలబెట్టండి.

ఇక అక్కాబావలు. మొదటి దారి వాళ్లింటి మీదుగానే పోతుంది కాబట్టి ఈ పని, ఆ మాట రెండూ ముడిపడి ఉన్నాయి, అదే కొంచెం జాగ్రత్తగా చూసుకోవాల్సిన చోటు. మీరు ఫోన్ చేసి ‘రికార్డర్ ఉందా బావా’ అని మొదలుపెడితే, అవమానించి పంపినవాళ్లు అవసరం పడి అడుగుతున్నారని ఆయనకు అనిపిస్తుంది. ఉన్నా లేదంటాడు, లేదా మాట్లాడకుండా పెట్టె పంపించేస్తాడు. రెండోది ఇంకా కష్టం, పని అవుతుంది, మనిషి దూరమవుతాడు. అలాగని డిస్కుల మాటే ఎత్తకుండా ఊరికే పోయి మాట్లాడొచ్చారనుకోండి, అందరి ముందు పడ్డ నింద అలాగే ఉండిపోతుంది. ‘ఖాళీ డిస్కులు ఇచ్చినోడు’ అన్న మాట తీసేయగలిగేది నిజం ఒక్కటే. ఆ నిజం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

అందుకని నాకు తోచింది చెబుతాను, మీ ఇంటి మనుషులు మీకు తెలుసు, నచ్చితేనే చేయండి. ముందు ఆ వెలుతురు పరీక్ష చేయండి. గీత కనబడితే తమ్ముడికి చూపించండి, వీడియో కాల్‌లో కాదు, హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు డిస్కు చేతికిచ్చి చూపించండి. తమ్ముడి మీద కూడా నాకు కోపం లేదు. బాపు మాట వింటానని అంతమందిలో కూర్చున్నవాడికి నో డిస్క్ అని వస్తే ఆ దుఃఖం ఎవరో ఒకరి మీద పడుతుంది, బావ ఎదురుగా ఉన్నాడు. కానీ అన్నది అతనే కాబట్టి, తీసుకోవాల్సింది కూడా అతనే. మీరు వెళ్లి అతని తరఫున క్షమించమంటే అక్క మెత్తబడుతుందేమో, బావకు మాత్రం అది చెల్లదు. తమ్ముడు వస్తానంటే ఇద్దరూ కలిసి జగిత్యాల పోండి. ఇప్పుడే రానంటే బలవంతం చేయకండి, ఇష్టం లేకుండా చెప్పే సారీ ఇంకో గొడవ తెస్తుంది. మీరొక్కరే పోయి, ‘బావా, డిస్కులు ఖాళీవి కావు, అందులో బాపు ఉన్నడు, మీ రికార్డర్ అయితే చదవగలదంటున్నరు’ అని ఉన్నమాట చెప్పండి. అడగకముందే ఆయనే లేచి పెట్టె వెతకడం మొదలుపెట్టొచ్చు. ఫైనలైజ్ గురించి చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త, ‘మీరు అది చేయలేదు’ అన్నట్టు వినిపిస్తే మళ్లీ తప్పు ఆయన మీదే పెట్టినట్టవుతుంది. ఆ రోజుల్లో ఇది తెలియక డిస్కులు అలాగే దాచుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

వీడియోలు వచ్చాక సంవత్సరీకం నాడు కూర్చున్న చుట్టాలలో కొందరినైనా మళ్లీ పిలిచి, బావ ఉన్నప్పుడే చూడండి. మాట పడింది నలుగురిలో కాబట్టి అది తీరడం కూడా నలుగురిలో అయితేనే బాగుంటుంది. డిస్కులు నిజంగా చెడిపోయి ఏమీ రాకపోయినా ఆ గీతలు చూపించి, బావ ఎక్కించాడు, మా దగ్గర ఎండకు చెడిపోయాయి అని చెప్పాల్సిన బాధ్యత మీ ఇద్దరిదీ.

అమ్మకు దాచకండి. రోజూ అడుగుతున్నారంటే ఆమెకు మీరేదో దాస్తున్నారని ఇప్పటికే తెలుసు. డిస్కుల్లో బాపు ఉన్నట్టే ఉంది, తీయడానికి టైం పడుతుంది, కొన్ని రాకపోవచ్చు అని చెప్పండి. అన్నీ వస్తాయని ఆశ పెట్టొద్దు, ఏదీ రాదని ఏడిపించొద్దు. మొదటి డిస్కు వచ్చిన రోజే, మిగతావాటి కోసం ఆగకుండా ఆమెకు చూపించండి.

బయటికి తీసిన వీడియోల్ని మళ్లీ డిస్కులకే ఎక్కించి ఊరుకోకండి. ఒక హార్డ్ డిస్కులో మీ దగ్గర, ఇంకో హార్డ్ డిస్కులో అక్క దగ్గర పెట్టండి, కుదిరితే తమ్ముడు ఆన్‌లైన్‌లో ఒక కాపీ పెట్టుకుంటాడు. 2023 జూలైలో ఓరుగల్లులో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు చూశాం కదా, ఒక్క ఇంట్లోనే అన్నీ ఉంటే ఏమవుతుందో. డిస్కు కూడా కావాలంటే తక్కువ వేగంలో రాయించి, అప్పటికప్పుడే వేరే ప్లేయర్‌లో ఆడించి చూసి తీసుకోండి. పాత డిస్కుల్ని మాత్రం కాపీలు అయ్యాక కూడా పారేయొద్దు.

బూజు పట్టిన ఆ మూడు క్యాసెట్ల విషయానికొస్తే, వాటిని ఎవరి వీసీఆర్‌లోనూ పెట్టనీయకండి. టేపు చుట్ట అంచున కనబడే ఆ తెల్ల పొడి వీసీఆర్ హెడ్డుకి అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాత పెట్టే క్యాసెట్‌కి పాకుతుంది, టేపు అతుక్కుని ఉంటే తెగిపోతుంది కూడా. వీసీఆర్‌ల తయారీలో చివరిగా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది, అందుకని మిషన్ దొరకడమే కష్టం, దొరికినవాళ్లు బూజు క్యాసెట్ పెట్టనివ్వరు. శుభ్రం చేసి ఎక్కించే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. అప్పటిదాకా మిగతా వస్తువులకు దూరంగా, తడి తగలని చోట, ఒక డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూత పెట్టండి. వాటి మీద ఏ ఫంక్షన్ రాసుందో మీరు చెప్పలేదు. అది డిస్కుల్లోకి ఎక్కిన వీడియోనే అయితే తొందర లేదు, ఎక్కనిదైతే మాత్రం వానాకాలం రాకముందే ఇచ్చేయండి.